పోయిన యుద్యోగము - రావలసిన భృతి

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాట పుట్టిన దినములలో స్త్రీ పొలమున కలుపు తీయుటయు, మగ్గము ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుటయు ఉద్యోగము క్రింద లెక్కకు రాలేదు కాబోలు. ఇప్పుడట్లు గాదు. ప్రొద్దుటూరి బట్టల కొట్లలోను, నగల దుకాణములలోను, జమ్మలమడుగు ప్రాంతమున నాపరాళ్లు నునుపుచేయు చోట్లను, పులివెందుల చుట్టుపట్లను మన సోదరీమణు లెందరో నెల జీతమునకు పని చేయుచున్నారు. పులివెందులలో దుస్తులు కుట్టు కర్మాగారమునకు 2021వ సంవత్సరము డిసెంబరు నెలలో శంకుస్థాపన జరిగినప్పుడు, ఆ యూరి యాడపడుచులు పనికై బెంగుళూరు పోవలసిన యవసరము తగ్గునని సంతసించిన తల్లులను మేమెఱుగుదుము.

జీతము వచ్చు నెల యెట్లు గడచునో ప్రతి యిల్లాలికిని తెలియును. జీతము రాని నెల సంగతి మొట్టమొదట తెలియునది వంటయింటికి. బియ్యపు డబ్బా అడుగు కనబడును; పాలవాడు రెండుమార్లు పిలుచును; పిల్లవాని బడి జీతము గడువు దాటును. అప్పుడు మన ప్రొద్దుటూరిలో కన్ను సహజముగా చేతి గాజులమీద పడును. తాకట్టు కొట్టుకు దారి యెవ్వరును చూపనక్కఱలేదు. ప్రభుత్వపు బీమా సంస్థనుండి పని పోయినవారికి వచ్చు భృతికి దారి మాత్రము చాలమందికి తెలియదు. తెలిసినవారును అదియేదో దానమని సంకోచింతురు.

మేము చెప్పదలచినవి రెండు మాటలు. అది దానము గాదు. మన జీతములోనుండి నెలనెలా కోసికొన్న సొమ్మునకు ఫలము. రెండవది, స్త్రీల విషయమున ఆ ఫలము చేతికందకుండ అడ్డుపడునది పలుమారులు చట్టము గాదు. పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ తప్పిపోయిన యొక కాగితము.

ప్రొద్దుటూరిలో మా వీథిలోనే కాపురమున్న యొక సోదరి సంగతి చెప్పెదము. ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాము. పేరు మాత్రము వ్రాయము. ఆమె పుట్టినిల్లు పులివెందుల. పదవ తరగతి ముగించి, తరువాత లెక్కలు వ్రాయుట నేర్చి, 2017లో ఆ యూరి చెంతనే యొక సంస్థలో చేరినది. పెండ్లియైన పిదప రెండు నెలలు ఆ పనిలోనే యుండి, 2019వ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రొద్దుటూరి యత్తవారింటికి వచ్చినది. ఆ నెలలోనే జమ్మలమడుగు వైపున నొక పరిశ్రమలో పని దొరకినది. ప్రతిదినము ఉదయము బస్సునకు పోయి, దీపాలవేళకు ఇల్లు చేరెడిది. జీతము నెలకు సుమారు 9,000 రూపాయలు.

2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినవి. పరిశ్రమ మూతపడినది. "తెఱచునప్పుడు కబురు పంపెదము" అని యజమాని పక్షమువారు చెప్పిరి. కబురు రాలేదు. పని తీసివేసితిమని కాగితమును రాలేదు. భర్తకు బట్టల కొట్టులో సగము జీతమే చేతికి వచ్చుచుండెను. ఆషాఢమున రెండు గాజులు, శ్రావణమున కమ్మలు తాకట్టు కొట్టునకు చేరినవి. దసరాకు కొంచెము ముందుగా ఆమె మా యింటికి వచ్చి, "అక్కా, ఇ.ఎస్.ఐ. వాళ్లు పని పోయినవాళ్లకు డబ్బులిస్తారంట, నిజమేనా?" అని యడిగినది. నిజమే. ఆ నిజమును ఆమె చేతిలో పడవేయుటకు మాకు నాలుగు నెలలు పట్టినది.

ఆ నాలుగు నెలల కథకు ముందు ఆ సొమ్మెక్కడిదో చెప్పవలెను. మన సీమకు సర్కారు సహాయ మనునది క్రొత్త గాదు. 1876 మొదలు 1878 వఱకు కడప మున్నగు జిల్లాలను మాడ్చిన ధాత కరవులో రాళ్లు కొట్టి, రోడ్లు వేసిన బీదలకు కూలి యిచ్చిరి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి ఆ కూలిని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని తగ్గించెను. ఇచ్చువాని దయయే కొలతయైన సహాయ మట్లుండును. బీమా వేఱు త్రోవది. ఇంగ్లండులో 1911వ సంవత్సరపు చట్టము క్రింద పనివాడు, యజమాని, ప్రభుత్వము ముగ్గురును తలకొంత వేసి నిధి చేసిరి. పని పోయినవానికి వారమునకు 7 షిల్లింగుల చొప్పున సంవత్సరమున 15 వారముల వఱకు దానినుండి యిచ్చిరి. తాను వేసినదే గావున పుచ్చుకొనువాడు తల వంచనక్కఱలేదు.

మన దేశమున ఆచార్య బి.పి. అదార్కరు 1944లో సమర్పించిన నివేదిక ననుసరించి 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము పుట్టినది. 1952వ సంవత్సరము ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలు మొదలైనది. జబ్బునకు మందు, ప్రసవకాలమున భత్యము, పనిలో గాయపడినవారికి సహాయము అందు కలవు. పని పోయినవారికి మాత్రము చాలకాలము ఏమియు లేదు. 2005వ సంవత్సరము ఏప్రిల్ 1నుండి రాజీవ్ గాంధీ పేరిట నొక పథకము వచ్చినది. కర్మాగారము మూతపడినను, సిబ్బందిని తగ్గించి తీసివేసినను, అందు భృతి యిత్తురు. మొదట ఆరు నెలలుగా నున్న కాలపరిమితిని తరువాత క్రమముగా రెండేండ్ల వఱకు పెంచిరి. కాని దానికి మూసివేతయో తొలగింపో ఋజువు కావలెను. మా సోదరివలె "కబురు పంపెదము" అన్న మాటతో ఇంటికి పంపబడినవారి చేత ఆ ఋజువుండదు.

అట్టివారికి పనికివచ్చునది 2018వ సంవత్సరము జూలై 1నుండి నడచిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మొదట అందు సగటు దినసరి సంపాదనలో నాలుగవ వంతును 90 దినముల వఱకు, జీవితములో ఒక్కసారి మాత్రమే యిచ్చెడివారు. 2020వ సంవత్సరము ఆగస్టులో సంస్థవారు ఆ నియమములను సడలించిరి. మార్చి 24 తరువాత పని పోయినవారికి నాలుగవ వంతు సగమైనది. తొంబది దినములు వేచియుండుటకు మారుగా ముప్పది దినములు చాలుననిరి. యజమాని ద్వారా గాక, పనివారు తామే నేరుగా శాఖా కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవచ్చుననిరి. ఈ కడపటి మార్పు చాల గొప్పది. తీసివేసిన యజమాని గుమ్మము ముందు మరల నిలువవలసివచ్చిన, ఎందరు ఆడువారు నిలుతురు?

అర్హత సంగతి చదువరులు జాగ్రత్తగా గమనింపవలెను. పని పోవుటకు ముందు రెండేండ్లు బీమా వర్తించు పనిలో నుండవలెను. సంస్థవారు సంవత్సరమును రెండు చందా కాలములుగా విభజింతురు: ఏప్రిల్ మొదలు సెప్టెంబరు తుది వఱకు ఒకటి, అక్టోబరు మొదలు మార్చి తుది వఱకు ఒకటి. పని పోవుటకు సరిగా ముందటి కాలమున 78 దినములకైనను చందా చెల్లియుండవలెను. అంతకు ముందటి మూడు కాలములలో ఏదేని యొకదానిలోను 78 దినములు చెల్లియుండవలెను. దుష్ప్రవర్తనకు తొలగింపబడినవారికిని, వయస్సు నిండి విరమించినవారికిని ఈ భృతి లేదు.

ఎంత వచ్చునో లెక్క చూతము. నెలకు 9,000 రూపాయల చొప్పున రెండేండ్ల సంపాదన 2,16,000. దానిని 730 దినములకు పంచగా దినమునకు సుమారు 296. అందు సగము 148. తొంబది దినములకు 13,300 పైచిల్లర. ఇంతేనా యందురు గాని, రెండు గాజులు విడిపించుటకు అది చాలును. ఇక మన వేసిన దెంత? 2019వ సంవత్సరము జూలైనుండి పనివారి వాటా జీతములో నూటికి ముప్పాతిక రూపాయ, యజమాని వాటా నూటికి మూడుంబావు. మా సోదరి జీతపు చీటీలో నెలనెలా 68 రూపాయలు తగ్గుచుండుట ఆమెకు తెలియును. ఎందుకు తగ్గుచున్నవో ఎవ్వరును చెప్పలేదు.

అక్టోబరులో ఊరిలోని నెట్ సెంటరునకు పోయి అర్జీ నింపితిమి. దాని ప్రతిని తీసి, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము నకళ్లను జతపఱచి, స్టాంపు కాగితముమీద అఫిడవిట్టు వ్రాయించి, సంబంధించిన శాఖా కార్యాలయమున నిచ్చి వచ్చితిమి. ఆ యఫిడవిట్టు అక్కఱలేదని సంస్థవారు మరుసటి నెలలోనే ప్రకటించిరి. మా సోదరి నవ్వి, "మనము పోయిన తరువాతనే గేటు తెరుస్తారు లే అక్కా" అన్నది.

కొన్ని వారములకు అర్జీ తిరస్కరింపబడినదని తెలిసినది. మరల పోయితిమి. బల్లవెనుక గుమాస్తా తెరమీద చూచి, "నీకు రెండేండ్లు నిండలేదు కదమ్మా. పదునాలుగు నెలలే కనబడుతోంది. పోయిరా" అనెను. ఆయన అబద్ధమాడలేదు. ఆయన తెరమీద నున్నది పదునాలుగు నెలలే. పులివెందుల నాటి రెండేండ్లును ఆ తెరమీద లేవు.

ఎందుకు లేవు? బీమా సంఖ్య మనిషికొక్కటే. పని మారినను, ఊరు మారినను అదే సంఖ్య కొనసాగవలెను. జమ్మలమడుగు వైపు పనిలో చేరిననాడు అక్కడివారు "ఇదివఱకు సంఖ్య కలదా" అని యడుగలేదు. ఈమెయు చెప్పలేదు, చెప్పవలెనని తెలియదు. క్రొత్త కోడలి పేరు అత్తవారి యింటిపేరుతో వ్రాసి, క్రొత్త సంఖ్య పుట్టించిరి. పులివెందులలో తండ్రి యింటిపేరుతో నున్న పడుచు ఒకతె. ప్రొద్దుటూరిలో భర్త యింటిపేరుతో నున్న యిల్లాలు మఱొకతె. సర్కారు లెక్కలో వారిద్దఱకును సంబంధము లేదు. మన దేశమున మగవాని పేరు పుట్టుకనుండి తుదివఱకు ఒకటిగానే యుండును. పెండ్లినాడు ఇంటిపేరు మార్చుకొన్న స్త్రీకి మాత్రము లెక్కలలో జన్మ రెండుమార్లు కలుగుచున్నది.

ఆ ఆదివారమే ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయితిమి. తల్లి తన ఇనుపపెట్టె తెఱచి, పెండ్లి పత్రికలు, పాత రేషను కార్డు, చీటీల పుస్తకము ఒక్కొక్కటిగా బయట పెట్టినది. అడుగున మడతపడిన కాగితము కనబడినది: ఇ-పెహచాన్ అని పిలువబడు బీమా గుర్తింపు పత్రము. అందు ఆమె బొమ్మ, తండ్రి పేరు, పాత సంఖ్య కలవు. "ఇది ఆసుపత్రి కాగితమేమో అనుకొని దాచినా పాపా" అని తల్లి యనెను. ఆసుపత్రి కాగితమే, కాని అందు రెండేండ్ల కష్టమును కలదు.

పిమ్మట చేయవలసినది ఇద్దఱు మనుష్యులు ఒక్కరే యని చూపుట. దానికి వివాహ ధ్రువపత్రము కావలసివచ్చినది. మన రాష్ట్రమున 2002వ సంవత్సరపు చట్టము ప్రకారము ప్రతి వివాహమును నమోదు చేయింపవలెను. అయినను తలంబ్రాలు పోసిన పిదప ఆ సంగతి తలచువారు తక్కువ. వీరును తలపలేదు. అది నమోదు చేయించి, రెండు సంఖ్యలను, రెండు సంస్థల పేర్లను, పనిలో చేరిన విడిచిన తేదీలను ఒక కాగితముమీద వ్రాసి, రెంటిని కలిపి యొకటిగా చేయుడని అర్జీ యిచ్చితిమి. ఈ మాఱు మేమొక పని చేసితిమి. అర్జీ రెండు ప్రతులు తీసికొనిపోయి, రెండవ దానిపై ముద్రయు తేదియు వేయించుకొంటిమి. గుమాస్తా మొదట "అక్కఱలేదమ్మా" అనెను. "మాకు అక్కఱయే సార్, ఇంట చూపవలెను" అని మా సోదరి మెల్లగా చెప్పినది. ముద్ర పడినది.

నెల గడచినను ఉలుకు లేదు. అప్పుడు 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో, "ఫలానా తేదీన ముద్ర వేసిన మా అర్జీపై ఏమి చర్య జరిగినది?" అను ఒక్క ప్రశ్న వ్రాసి పంపితిమి. ముప్పది దినములలో జవాబీయవలెనని చట్టము. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ పది రూపాయలును అక్కఱలేదు. జవాబు గడువు నిండకముందే సంఖ్యలు రెండును ఒకటైనవి. 2021వ సంవత్సరము ఫిబ్రవరిలో 13,000 పైచిల్లర రూపాయలు ఆమె పేరిటనున్న బ్యాంకు లెక్కలో పడినవి. ఆ సాయంకాలమే ఆమె అత్త స్వయముగా తోడువచ్చి గాజులు విడిపించినది. కమ్మలు విడిపించుటకు ఉగాది దాటినది.

ఈ భృతిని మేము గొప్పగా పొగడుట లేదు. తొంబది దినములు, జీవితమున నొక్కసారి; ఇది పెద్ద గాలివానకు చిన్న గొడుగు. పదుగురికి తక్కువగా పనిచేయు చిన్న నాపరాతి కార్ఖానాలకును, మగ్గపుటిండ్లకును, ఇండ్లలో వంటచేయువారికిని ఈ బీమా చేరనే లేదు. మన రాష్ట్ర ప్రభుత్వము 2018వ సంవత్సరము అక్టోబరు 2న యువనేస్తమను పేరుతో పట్టభద్రులగు నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలిచ్చు నేర్పాటు చేసినది; 2019లో ప్రభుత్వము మారిన పిదప అది నిలిచిపోయినది. పల్లెలలో 2005 నాటి గ్రామీణోపాధి చట్టమున, పని యడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి యీయవలెనని వ్రాసియుండెను: మొదటి ముప్పది దినములకు కూలిలో నాలుగవ వంతుకు తగ్గకుండ, ఆపైన సగమునకు తగ్గకుండ. కాని పని యడిగినట్లు తేదీతో రసీదు లేనివారు దానిని కోరు వీలులేకపోయెను. అక్కడను కాగితమే! ఆ చట్టము స్థానమున 2025వ సంవత్సరము డిసెంబరులో పార్లమెంటు వేఱొక చట్టము చేసినది. 1948 నాటి బీమా చట్టమును 2025 నవంబరు 21నుండి సాంఘిక భద్రతా స్మృతిలో కలిసిపోయినది. పైన చెప్పిన 2018 నాటి పథకమును శాశ్వతముగా నిర్మింపక, గడువు తీరినప్పుడెల్ల పొడిగించుచు వచ్చిరి. కావున అర్జీకి ముందు ఆనాటి నియమమును, గడువును శాఖా కార్యాలయముననే విచారించి తెలిసికొనవలెను. చట్టములు మారుచుండును, కాగితము దాచుకొను బుద్ధి మాత్రము ఏ చట్టమునకైనను పనికివచ్చును.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నారు. పని యున్నప్పుడే మన సోదరీమణులు చేయదగినవి కొన్ని చెప్పి ముగించెదము. జీతపు చీటీలో ఏ పేరిట ఎంత తగ్గుచున్నదో అడిగి తెలిసికొనుడు. బీమా సంఖ్యను, ప్రావిడెంటు ఫండు సంఖ్యను నగల పెట్టెలో ఒక చీటీమీద వ్రాసియుంచుడు. పెండ్లియై ఊరు మారునప్పుడు చీరెసారెలతోబాటు ఆ చీటీని అత్తవారింటికి తీసికొనిపొండు. క్రొత్త పనిలో చేరునాడు పాత సంఖ్యనే చెప్పుడు. ఇంటిపేరు మార్చుకొందురేని ఆధారు, బ్యాంకు, బీమా మూటను ఒకేమాఱు మార్పించుడు. మార్చుకొననిచో మఱింత సుఖము. పని మానునాడు, మానిన తేదీతో కాగితము పుచ్చుకొనుడు. ఏ కార్యాలయమున కాగితమిచ్చినను నకలుపై ముద్ర లేక గడప దాటకుడు. కాదన్నవారిని కసరక, కారణము వ్రాసియిమ్మని మాత్రము కోరుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. సర్కారు సంగతి వేఱుగ చెప్పనేల?

మా సోదరికి 2021వ సంవత్సరము వేసవి దాటినపిదప ప్రొద్దుటూరిలోనే మఱియొక పని దొరకినది. చేరిననాడు అక్కడి గుమాస్తా ఆమె పేరడిగి, క్రొత్త సంఖ్యకై పత్రము నింపబోయెనట. ఆమె చేతిసంచిలోనుండి ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితమును తీసి బల్లమీద పెట్టి, "నాకు నంబరు ఉంది సార్, ఇదే వేయండి" అనెనట. ఆ కాగితము ఇప్పుడు తల్లి పెట్టెలో లేదు. తన పెట్టెలోనే యున్నది.